ముందు చిప్, ఆ తర్వాతే ప్రోగ్రామర్: తక్కువ ఖర్చులో ఏది కొనాలి, ఎలా కలపాలి

హనుమకొండలో ఎలక్ట్రానిక్స్ సరదా పట్టుకున్న కుర్రవాళ్లు, పాలిటెక్నిక్ చివరి సంవత్సరం ప్రాజెక్టు నెత్తిన పడ్డవాళ్లు, నర్సంపేట, పరకాల వైపు బోరు మోటార్లకు టైమర్లు బిగించే మెకానిక్‌లు తరచుగా అడిగే ప్రశ్న ఒకటే: "చవకలో మంచి ప్రోగ్రామర్ ఏది సార్?" ప్రోగ్రామర్ అంటే ఇక్కడ మనిషి కాదు, కంప్యూటర్‌లో రాసిన ప్రోగ్రాంను చిప్‌లోకి ఎక్కించే పరికరం. ఆ ప్రశ్నకు నేను "ఏ చిప్‌కు?" అని తిరిగి అడుగుతాను. చాలామంది అక్కడే ఆగిపోతారు. తాళం చూడకుండా తాళంచెవి కొనడానికి ఎవరూ బయలుదేరరు కానీ, ప్రోగ్రామర్ విషయంలో మాత్రం అందరం అదే పని చేస్తాం.

నేనూ ఆ తప్పు చేసినవాణ్నే. మొదట్లో ఒక దుకాణదారు "ఇది అన్ని చిప్‌లకూ పడుతుంది" అని చెప్పి ఇచ్చిన సీహెచ్341ఏ బోర్డును తెచ్చుకుని, మీట ఉన్న దాని సాకెట్లో ఏటీటైనీ85 అనే మైక్రోకంట్రోలర్‌ను (మనం రాసిన ప్రోగ్రాంను నడిపే చిప్‌ను) పెట్టి రెండు రాత్రులు కుస్తీ పట్టాను. ఆ బోర్డు 24, 25 సిరీస్ మెమరీ చిప్‌లను చదవడానికి, రాయడానికి తయారైనదనీ, ల్యాప్‌టాప్ బయోస్ చిప్‌లను బాగుచేసేవారికి అక్కరకు వచ్చేదనీ, మైక్రోకంట్రోలర్‌ను ఆ సాకెట్లో పెడితే పని జరగదనీ ఆ తర్వాత తెలిసింది. పోయిన డబ్బు పెద్దది కాదు. కానీ మా ఊరి నుంచి సరైన వస్తువు కోసం కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్లాలంటే కాజీపేటలో పొద్దున్నే రైలెక్కి, సికింద్రాబాద్ దాకా 132 కిలోమీటర్లు పోయి, రాత్రికి తిరిగి రావాలి. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే కొన్ని రోజులు ఎదురుచూడాలి. హైదరాబాద్‌లో ఉన్నవాడికి తప్పు కొనుగోలు ఒక సాయంత్రం నష్టం. మనకు ఒక వారం నష్టం. అందుకే ఈ సలహాలో ధరతో పాటు, పాడైతే ఇంట్లో ఉన్నవాటితోనే బాగుచేసుకోగలమా అన్నది కూడా లెక్కలోకి తీసుకున్నాను.

అసలు ప్రోగ్రామర్ అవసరమా?

ఆర్డ్యునో ఊనో, నానో, నోడ్‌ఎంసీయూ, ఈఎస్‌పీ32 బోర్డులు వాడేవారికి విడిగా ప్రోగ్రామర్ అక్కరలేదు. చిప్‌లో ముందే కూర్చోబెట్టిన బూట్‌లోడర్ అనే చిన్న ప్రోగ్రాం, బోర్డు మీద ఉన్న యూఎస్‌బీ సీరియల్ చిప్ కలిసి ఆ పని చేసేస్తాయి. రాస్‌ప్‌బెర్రీ పై సంస్థ 2021 జనవరిలో విడుదల చేసిన పికో బోర్డు ఇంకా సులువు: బూట్‌సెల్ బటన్ నొక్కి పట్టుకుని యూఎస్‌బీ తగిలిస్తే అది పెన్‌డ్రైవ్ లాగా కంప్యూటర్‌లో కనిపిస్తుంది, ఫైలును అందులోకి కాపీ చేస్తే చాలు. ఒక్క ప్రాజెక్టు పూర్తిచేసి మార్కులు తెచ్చుకోవడమే లక్ష్యమైతే ఇక్కడితో ఆగి, ప్రోగ్రామర్‌కు పెట్టే డబ్బుతో మంచి సెన్సార్ కొనుక్కోవడం మేలు.

ప్రోగ్రామర్ అవసరం మూడు సందర్భాల్లో వస్తుంది. ఒకటి, బోర్డు లేకుండా ఒట్టి చిప్‌ను వాడదలచినప్పుడు. బోరు మోటారు ప్యానెల్‌లో పెట్టే ఆలస్య టైమర్‌ను తీసుకోండి: కరెంటు పోయి వచ్చాక కొన్ని నిమిషాలు ఆగి రిలేను లాగడం తప్ప దానికి వేరే పని లేదు. దానికి ఊనో బోర్డు మొత్తం పెట్టడం దండగ. ఎనిమిది కాళ్ల ఏటీటైనీ85 సరిపోతుంది, కానీ ఆ చిప్ కొత్తగా కొన్నప్పుడు దానిలో బూట్‌లోడర్ ఉండదు. రెండు, బూట్‌లోడర్ చెడిపోయిన బోర్డును బతికించవలసి వచ్చినప్పుడు. మూడు, ప్రోగ్రాం నడుస్తుండగా మధ్యలో ఆపి లోపలి విలువలు చూడాలనుకున్నప్పుడు, అంటే డీబగ్గింగ్ చేయాలనుకున్నప్పుడు. మొదటి రెండింటికి అతి చవక పరికరం చాలు. మూడోది మాత్రం ఏ చిప్ కుటుంబాన్ని ఎంచుకున్నారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

ఏవీఆర్ చిప్‌లు: ఊనోనా, యూఎస్‌బీ ఏఎస్‌పీనా

మన దగ్గర సరదా కోసం వాడే చిప్‌లలో ఎక్కువ భాగం ఏటీమెగా328పీ, ఏటీమెగా8, ఏటీటైనీ85 వంటి ఏవీఆర్ చిప్‌లే. ఇవి ఒకప్పుడు ఆట్మెల్ సంస్థవి. 2016లో ఆ సంస్థను మైక్రోచిప్ కొనేసింది. వీటికి ప్రోగ్రాం ఎక్కించే పద్ధతిని ఐఎస్‌పీ అంటారు. మోసీ, మీసో, ఎస్‌సీకే, రీసెట్, వీసీసీ (కరెంటు సరఫరా), గ్రౌండ్ అనే ఆరు తీగలతో పని జరుగుతుంది. ప్రోగ్రామర్ రీసెట్ తీగను కిందికి లాగి పట్టుకుని, ఎస్‌సీకే మీద గడియారపు లయ కొడుతూ మోసీ ద్వారా ఆదేశాలు పంపుతుంది, మీసో ద్వారా చిప్ జవాబిస్తుంది.

ఇంట్లో ఇప్పటికే ఊనో ఉంటే ఏమీ కొనకండి. ఆర్డ్యునో ఐడీఈ (ప్రోగ్రాం రాసే సాఫ్ట్‌వేర్) ఉదాహరణల్లో ఉన్న "ఆర్డ్యునో ఐఎస్‌పీ" స్కెచ్‌ను, అంటే ప్రోగ్రాంను, ఊనోలోకి ఎక్కిస్తే అదే ప్రోగ్రామర్‌గా మారుతుంది. ఊనోలోని 10వ పిన్‌ను లక్ష్య చిప్ రీసెట్‌కు, 11ను మోసీకి, 12ను మీసోకు, 13ను ఎస్‌సీకేకు కలపాలి. 5 వోల్టులు, గ్రౌండ్ సరేసరి. స్కెచ్ ఎక్కించిన తర్వాత, అంతకుముందు కాదు, ఊనో రీసెట్‌కు గ్రౌండ్‌కు మధ్య 10 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను ధన కాలు రీసెట్ వైపు ఉండేలా గుచ్చాలి. లేకపోతే కంప్యూటర్ సీరియల్ పోర్టును తెరిచిన ప్రతిసారీ ఊనో తనను తానే రీసెట్ చేసుకుని, ప్రోగ్రామర్‌గా నటించడం మాని బూట్‌లోడర్‌లోకి వెళ్లిపోతుంది. ఈ ఒక్క కెపాసిటర్ పెట్టక "ఈ పద్ధతి పనిచేయదు" అని వదిలేసినవారిని నేను చాలామందిని చూశాను.

యూఎస్‌బీ ఏఎస్‌పీ అన్నది థామస్ ఫిష్ల్ రూపొందించి అందరికీ ఉచితంగా వదిలిన డిజైన్. ఒక ఏటీమెగా8, ఒక 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, కొన్ని రెసిస్టర్లు, అంతే దాని శరీరం. విడిగా యూఎస్‌బీ చిప్ కూడా ఉండదు, ఆ పనిని ఏటీమెగా8 లోని సాఫ్ట్‌వేరే చేస్తుంది. అందుకే దాని నకళ్లు నేను చూసిన ధరల్లో రెండు మూడు వందల రూపాయలకే దొరుకుతున్నాయి. పొడుగాటి పది తీగల కేబుల్‌తో వస్తుంది. విండోస్‌లో జాడిగ్ అనే చిన్న సాధనంతో డ్రైవర్ వేసుకోవాలి. లినక్స్‌లో డ్రైవర్ అక్కరలేదు కానీ మామూలు యూజర్‌కు అనుమతినిచ్చే యూడెవ్ నియమం ఒకటి రాసుకోవాలి. ఇది కామ్ పోర్టుగా (సీరియల్ పోర్టుగా) కనిపించదు. కొత్తవాళ్లు డివైస్ మేనేజర్‌లో కామ్ నంబరు కోసం వెతికి, లేకపోయేసరికి వస్తువు చెడిపోయిందని తిరిగి పంపేస్తుంటారు.

ఈ రెండింటిలో ఏది మేలు అన్నది తేల్చేది ప్రోగ్రాం ఎంత త్వరగా ఎక్కుతుందన్నది కాదు, ఎస్‌సీకే గడియారం. కొత్త ఏటీమెగా328పీ, ఏటీటైనీ85 చిప్‌లు కర్మాగారం నుంచి వచ్చేటప్పుడు లోపలి 8 మెగాహెర్ట్జ్ గడియారాన్ని ఎనిమిదితో భాగించుకుని 1 మెగాహెర్ట్జ్ వద్ద నడుస్తాయి. ఎస్‌సీకే వేగం చిప్ గడియారంలో నాలుగో వంతు కంటే తక్కువ ఉండాలన్నది నియమం, అంటే 250 కిలోహెర్ట్జ్ లోపు. యూఎస్‌బీ ఏఎస్‌పీ తనంతట తాను ఎంచుకునే వేగం 375 కిలోహెర్ట్జ్. కాబట్టి కొత్త చిప్ పెట్టగానే "టార్గెట్ జవాబివ్వడం లేదు" అన్న సందేశం వస్తుంది. మన ఊహ వెంటనే చిప్ నకిలీదని వెళుతుంది. ఊనో స్కెచ్ అయితే దాదాపు 166 కిలోహెర్ట్జ్‌తో పంపుతుంది కనుక అదే చిప్ దానికి నోరు విప్పుతుంది. యూఎస్‌బీ ఏఎస్‌పీ వాడేవారు ఏవీఆర్‌డ్యూడ్ (చిప్‌లోకి ప్రోగ్రాం రాసే సాఫ్ట్‌వేర్) ఆదేశంలో పెద్ద బి ఆప్షన్‌కు 10 ఇస్తే వేగం వంద కిలోహెర్ట్జ్ లోపుకు దిగి పని జరుగుతుంది. ఒకసారి ఫ్యూజులు (గడియారం వంటివాటిని నిర్ణయించే చిప్ లోపలి సెట్టింగులు) మార్చి చిప్‌ను 8 మెగాహెర్ట్జ్‌కు తెచ్చిన తర్వాత ఆ ఆప్షన్ తీసేయవచ్చు.

నకళ్లలో కొన్నింటికి పాత ఫర్మ్‌వేర్ (ప్రోగ్రామర్ లోపల నడిచే దాని సొంత ప్రోగ్రాం) ఉంటుంది. "ఎస్‌సీకే వ్యవధి మార్చలేను, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చూసుకోండి" అని ఏవీఆర్‌డ్యూడ్ హెచ్చరిస్తే మీది అటువంటిదే. వేగమైన చిప్‌తో ఆ హెచ్చరికను పట్టించుకోనక్కరలేదు. నెమ్మది చిప్‌తో మాత్రం బోర్డు మీద జేపీ3 అని రాసి ఉన్న చోట జంపర్ వేస్తే ఎస్‌సీకే సుమారు 8 కిలోహెర్ట్జ్‌కు దిగుతుంది. అయితే ఆ జంపర్‌ను అలాగే మరచిపోకండి. ప్రతి బైటుకు 32 బిట్ల ఆదేశం పోవాలి కనుక 32 కిలోబైట్ల చిప్‌ను పూర్తిగా నింపి సరిచూసేసరికి ఆ వేగంతో నాలుగు నిమిషాలు దాటుతుంది. పాత ఫర్మ్‌వేర్ శాశ్వత శిక్ష కూడా కాదు: జేపీ2 జంపర్ వేసి, ఆ యూఎస్‌బీ ఏఎస్‌పీనే లక్ష్య చిప్‌గా చేసి, ఊనోతో దానిలోకి కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించవచ్చు. అసలు ఫర్మ్‌వేరే లేకుండా వచ్చిన ఒక నకలును నేను ఇలాగే లేపి నిలబెట్టాను. నా దృష్టిలో ఊనో, యూఎస్‌బీ ఏఎస్‌పీ పోటీదారులు కావు. ఒకటి రెండోదానికి వైద్యుడు. హైదరాబాద్‌కు వెళ్లే పని తప్పించే జోడీ ఇది.

అయినా రోజూ వాడటానికి ఒకటే ఎంచుకోమంటే యూఎస్‌బీ ఏఎస్‌పీకే ఓటు వేస్తాను. ఊనోను ప్రోగ్రామర్‌గా కట్టేసిన రోజు వేరే ప్రయోగానికి ఊనో ఉండదు. పైగా విడి జంపర్ వైర్లు ఆరు, ఒక కెపాసిటర్ ప్రతిసారీ గుచ్చడంలో ఏదో ఒకటి జారుతుంది. నెలకు ఒకటి రెండు చిప్‌లు మాత్రమే చేసేవారికి ఆ ఇబ్బంది లెక్కలోది కాదు.

తీగలు కలిపే చోట జరిగే పొరపాట్లు

పది పిన్నుల కనెక్టర్‌లో 1 మోసీ, 2 వీసీసీ, 5 రీసెట్, 7 ఎస్‌సీకే, 9 మీసో, 10 గ్రౌండ్. ఆరు పిన్నుల కనెక్టర్‌లో 1 మీసో, 2 వీసీసీ, 3 ఎస్‌సీకే, 4 మోసీ, 5 రీసెట్, 6 గ్రౌండ్. మొదటి పిన్ ఒకదానిలో మోసీ, రెండోదానిలో మీసో అన్నది గమనించండి. వరుస ఒకటే అనుకుని కలిపేవారు ఇక్కడే బోల్తా పడతారు. కేబుల్‌లో ఎర్ర గీత ఉన్న తీగ ఒకటో పిన్‌ది. కేబుల్ చివర సాకెట్‌ను ఎదురుగా చూస్తున్నామా, బోర్డు పైనుంచి చూస్తున్నామా అన్నదాన్ని బట్టి బొమ్మ తిరగబడుతుంది కనుక, మల్టీమీటర్‌తో 2, 10 పిన్నుల మధ్య 5 వోల్టులు కొలిచి చూసుకున్నాకే చిప్‌కు తగిలించడం నా అలవాటు.

బ్రెడ్‌బోర్డు మీద 28 కాళ్ల ఏటీమెగా328పీ అయితే 1వ కాలు రీసెట్, 17 మోసీ, 18 మీసో, 19 ఎస్‌సీకే. 7, 20 రెండూ 5 వోల్టులకు, 8, 22 రెండూ గ్రౌండ్‌కు పోవాలి. 20వ కాలు అనలాగ్ భాగానిది కదా, నేను అనలాగ్ వాడటం లేదు కదా అని వదిలేయకూడదు. దాన్ని కూడా కలపాలని తయారీదారు పత్రమే చెబుతుంది. ఏటీటైనీ85కు 1 రీసెట్, 4 గ్రౌండ్, 5 మోసీ, 6 మీసో, 7 ఎస్‌సీకే, 8 వీసీసీ. ఏ చిప్‌కైనా వీసీసీ, గ్రౌండ్ కాళ్ల దగ్గరే ఒక 100 నానోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ ఉండాలి.

కలిపాక ముందుగా ప్రోగ్రాం ఎక్కించకండి. చిప్ సిగ్నేచర్, అంటే అది ఏ చిప్పో చెప్పే సంఖ్య, చదివించండి. ఏటీమెగా328పీ అయితే 1ఈ 95 0ఎఫ్, ఏటీటైనీ85 అయితే 1ఈ 93 0బీ, ఏటీమెగా8 అయితే 1ఈ 93 07 రావాలి. 1ఈ 95 14 వస్తే మీ దగ్గర ఉన్నది చివర పీ లేని ఏటీమెగా328; అది చెడు చిప్ కాదు, ఐడీఈలో పేరు మార్చుకుంటే చాలు. అన్నీ సున్నాలో, అన్నీ ఎఫ్‌లో వస్తే తప్పు దాదాపు ఎప్పుడూ తీగల్లోనో, గడియారంలోనో ఉంటుంది. మోసీ, మీసో, ఎస్‌సీకే కాళ్లకు మీ సర్క్యూట్లో ఎల్‌ఈడీలు, రిలే డ్రైవర్లు తగిలి ఉన్నా చిప్ మూగబోతుంది. వాటిని విప్పి మళ్లీ చూడండి.

విద్యుత్ విషయంలో ఒక హెచ్చరిక. యూఎస్‌బీ ఏఎస్‌పీ నకళ్ల మీద 5 వోల్టులు, 3.3 వోల్టులు అని ఎంచుకునే జంపర్ ఉంటుంది. చాలా నకళ్లలో ఆ జంపర్ మార్చేది చిప్‌కు వెళ్లే సరఫరాను మాత్రమే. ప్రోగ్రామర్ లోపలి ఏటీమెగా8 ఇంకా 5 వోల్టులతోనే నడుస్తుంది కనుక సంకేత తీగల మీద 5 వోల్టులే వస్తాయి. అదే సర్క్యూట్లో 3.3 వోల్టుల మెమరీ కార్డు నేరుగా అతికించి ఉంటే దానికి గండం. అలాగే మీ సర్క్యూట్ తన సొంత అడాప్టర్‌తో నడుస్తుంటే ప్రోగ్రామర్ నుంచి వీసీసీ తీగను తీసేసి గ్రౌండ్ మాత్రం ఉంచండి. మోటారు ప్యానెల్‌లో బిగించి ఉన్న బోర్డుకు అక్కడికక్కడే ప్రోగ్రాం ఎక్కించాలని చూసేవారికి మరీ గట్టిగా చెబుతున్నాను: మెయిన్స్ తీసేసి, బోర్డును విప్పి, బల్ల మీద పెట్టుకుని చేయండి. ల్యాప్‌టాప్ గ్రౌండ్‌ను త్రీఫేజ్ ప్యానెల్‌తో కలపడం ధైర్యం కాదు.

ఫ్యూజుల దగ్గర తొందర పడవద్దు. బయటి క్రిస్టల్ అని ఫ్యూజు పెట్టి, క్రిస్టల్ లేకుండా ఉంటే చిప్ చచ్చినట్టు కనిపిస్తుంది. 9, 10 కాళ్ల మధ్య 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, రెండు 22 పికోఫారడ్ కెపాసిటర్లు పెడితే లేచి కూర్చుంటుంది. కానీ ఏటీటైనీ85లో ఒక కాలు అదనంగా దొరుకుతుందని రీసెట్‌ను ఆపేసే ఫ్యూజు వేస్తే, పైన చెప్పిన రెండు ప్రోగ్రామర్లూ ఇక చేతులెత్తేస్తాయి. దానికి 12 వోల్టుల హై వోల్టేజ్ పద్ధతి కావాలి. ఇంకొకటి: ఊనో బోర్డులోకి ప్రోగ్రామర్ ద్వారా నేరుగా స్కెచ్ ఎక్కిస్తే అందులోని బూట్‌లోడర్ చెరిగిపోతుంది. మళ్లీ యూఎస్‌బీ నుంచి వాడాలంటే "బర్న్ బూట్‌లోడర్" చేయాలి.

పేరు చూసి మోసపోవద్దని ఇక్కడే చెప్పాలి. ఏటీటైనీ412, ఏటీమెగా4809 వంటి కొత్త చిప్‌లు కూడా ఏవీఆర్‌లే అయినా అవి యూపీడీఐ అనే ఒంటి తీగ పద్ధతిలో మాట్లాడతాయి. యూఎస్‌బీ ఏఎస్‌పీ వాటికి పనికిరాదు. అయితే వాటి ప్రోగ్రామర్ ఇంకా చవక: ఒక యూఎస్‌బీ సీరియల్ అడాప్టర్, ఒక షాట్కీ డయోడ్. అడాప్టర్ ఆర్ఎక్స్‌ను (డేటా అందుకునే పిన్) నేరుగా యూపీడీఐ కాలికి, టీఎక్స్‌ను (డేటా పంపే పిన్) డయోడ్ ద్వారా, గీత టీఎక్స్ వైపు ఉండేలా, అదే కాలికి కలిపితే చాలు. ఏవీఆర్‌డ్యూడ్ కొత్త వెర్షన్లు దీన్ని సీరియల్‌యూపీడీఐ పేరుతో గుర్తిస్తాయి.

కాలేజీ ల్యాబు 8051

ఇంజినీరింగ్, పాలిటెక్నిక్ పాఠాల్లో 8051 అనే పాత మైక్రోకంట్రోలర్ ఇంకా బతికే ఉంది కనుక చాలామంది ఇంటి దగ్గర కూడా దానితోనే మొదలుపెట్టాలనుకుంటారు. ఇక్కడ ఒక్క అక్షరం వందల రూపాయల తేడా తెస్తుంది. ఏటీ89సీ51 కొంటే దానికి సమాంతర పద్ధతిలో, 12 వోల్టులతో రాసే ఖరీదైన ప్రోగ్రామర్ కావాలి. ఏటీ89ఎస్52 కొంటే ఐఎస్‌పీ ఉంది: 6వ కాలు మోసీ, 7 మీసో, 8 ఎస్‌సీకే, 9 రీసెట్, 40 వీసీసీ, 20 గ్రౌండ్; 18, 19 మధ్య క్రిస్టల్ తప్పనిసరి. ఏవీఆర్‌లో రీసెట్‌ను కిందికి లాగితే ఇందులో పైకి లేపాలి. అందుకని ఏవీఆర్‌కు మాత్రమే తయారైన ఫర్మ్‌వేర్ ఉన్న యూఎస్‌బీ ఏఎస్‌పీతో ఇది పలకదు. ప్రోగ్‌ఐఎస్‌పీ సాఫ్ట్‌వేర్‌తో 89ఎస్ సిరీస్‌కు కూడా పనిచేసే నకళ్లు ఉన్నాయి, కొనేముందు ఆ మాట అడిగి తీసుకోవాలి.

నన్నడిగితే ఈ రెండూ వదిలేసి ఎస్‌టీసీ89సీ52 తీసుకోమంటాను. కాళ్ల అమరిక అదే, పాఠ్యపుస్తకంలోని ప్రోగ్రాం అదే, కానీ లోపల సీరియల్ బూట్‌లోడర్ ఉంటుంది కనుక సీహెచ్340 లేదా సీపీ2102 యూఎస్‌బీ సీరియల్ అడాప్టర్ ఒక్కటి చాలు. 10వ కాలు ఆర్ఎక్స్, 11వ కాలు టీఎక్స్. అడాప్టర్‌తో వీటిని అడ్డంగా మార్చి కలపాలి. డౌన్‌లోడ్ నొక్కాక చిప్‌కు కరెంటు తీసి ఇవ్వాలి. అప్పుడే బూట్‌లోడర్ మేల్కొంటుంది. కరెంటు తీసినా మేల్కొనకపోతే అడాప్టర్ టీఎక్స్ తీగ గుండా చిప్‌లోకి దొంగ కరెంటు పారుతోందని అర్థం. ఆ తీగలో ఒక డయోడ్‌ను గీత అడాప్టర్ వైపు ఉండేలా పెడితే సమస్య తీరుతుంది. ఆ అడాప్టరే పైన చెప్పిన యూపీడీఐ పనికీ, ఈఎస్‌పీ-01 వంటి వైఫై మాడ్యూళ్లకూ పనికొస్తుంది కనుక దాన్ని ఎవరు కొన్నా నష్టపోరు. ఒక్క జాగ్రత్త: ఎఫ్‌టీ232 అడాప్టర్‌లోని 3.3 వోల్టుల పిన్ 50 మిల్లీ ఆంపియర్లే ఇవ్వగలదు, వైఫై మాడ్యూల్‌కు అది చాలదు.

పిక్ చిప్‌లు

మైక్రోచిప్ సంస్థదే అయిన పిక్16ఎఫ్877ఏ మీద పాత పుస్తకాలు, పాత ప్రాజెక్టు రిపోర్టులు దొరుకుతాయి కనుక దాని వైపు వెళ్లేవారు ఉన్నారు. కొత్తగా మొదలుపెట్టేవారికి నేను ఆ దారి చూపను. దీనికి మామూలు పద్ధతిలో ప్రోగ్రామింగ్ వేళ ఎంసీఎల్ఆర్ (రీసెట్) కాలి మీద సుమారు 13 వోల్టులు కావాలి. మైక్రోచిప్ తక్కువ ధరకు అమ్మే స్నాప్ అనే ప్రోగ్రామర్ ఆ వోల్టేజీని ఇవ్వదు, లక్ష్య బోర్డుకు సరఫరా కూడా ఇవ్వదు. పిక్‌కిట్ 3 నకళ్లు ఇస్తాయి కానీ వాటి ధర యూఎస్‌బీ ఏఎస్‌పీకి కొన్ని రెట్లు. పైగా మైక్రోచిప్ వారి ఎంప్‌ల్యాబ్ ఎక్స్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్లు పిక్‌కిట్ 3ను వదిలేశాయి కనుక పాత వెర్షన్‌ను దాచుకుని వాడుకోవాలి. ఇప్పటికే పిక్ చిప్‌లు చేతిలో ఉన్నవారికి మాత్రం పిక్‌కిట్ 3 నకలే గతి. బాణం గుర్తు ఉన్న పిన్ నుంచి వరుసగా ఎంసీఎల్ఆర్, వీడీడీ, గ్రౌండ్, పీజీడీ, పీజీసీ. ఎంసీఎల్ఆర్‌కు 10 కిలో ఓమ్స్ రెసిస్టర్ ఉంచండి, కెపాసిటర్ మాత్రం పెట్టకండి.

ఎస్‌టీ-లింక్, ఒంటి తీగ చిప్‌లు

డీబగ్గింగ్ నేర్చుకోవాలన్న ఆశ ఉన్నవారికి నా సలహా ఎస్‌టీఎం32 చిప్, ఎస్‌టీ-లింక్ వీ2 నకలు. పెన్‌డ్రైవ్ అంత ఉండే ఈ నకలు ధర యూఎస్‌బీ ఏఎస్‌పీ కంటే కొంచెమే ఎక్కువ. కానీ అది ప్రోగ్రాం ఎక్కించడమే కాకుండా ప్రోగ్రాంను వరుస వరుసగా ఆపి చూపిస్తుంది. ఆ ధరకు యూఎస్‌బీ ఏఎస్‌పీ ఎన్నటికీ ఇవ్వలేని సౌకర్యం ఇది. ఎస్‌డబ్ల్యూడీఐఓ, ఎస్‌డబ్ల్యూసీఎల్‌కే, గ్రౌండ్, 3.3 వోల్టులు అన్న నాలుగు తీగలే. ఎస్‌టీఎం32 చిప్ ఉన్న బ్లూ పిల్ అనే చిన్న బోర్డు చివర అవే నాలుగు పిన్నులు వరుసగా బయటికి వచ్చి ఉంటాయి. నకళ్ల పిన్నుల వరుస ఒక్కో తయారీలో ఒక్కో రకంగా ఉంటుంది కనుక ఇంటర్నెట్‌లోని బొమ్మను కాక, మీ చేతిలో ఉన్న డబ్బా మీది అక్షరాలను నమ్మండి.

బ్లూ పిల్‌లో ఉండవలసిన ఎస్‌టీఎం32ఎఫ్103 స్థానంలో వేరే సంస్థల అనుకరణ చిప్‌లు వచ్చే అవకాశం ఉంది. గుర్తింపు సంఖ్య 1బీఏ01477 అని రావలసిన చోట 2బీఏ01477 వచ్చిందని ఓపెన్‌ఓసీడీ అనే డీబగ్గింగ్ సాఫ్ట్‌వేర్ మొరాయిస్తే కారణం అదే; సెట్టింగుల ఫైలులో ఆ సంఖ్య మార్చుకుంటే పని జరుగుతుంది. ఒకసారి ప్రోగ్రాం ఎక్కి, రెండోసారి నుంచి కనెక్ట్ కాకపోతే, మీ ప్రోగ్రామే పీఏ13, పీఏ14 కాళ్లను వేరే పనికి వాడుకుంటోందేమో చూడండి. బూట్0 జంపర్‌ను 1 వైపు మార్చి రీసెట్ నొక్కితే మళ్లీ దారి తెరుచుకుంటుంది.

ఇంట్లో రెండు పికో బోర్డులు ఉన్నవారు ఎస్‌టీ-లింక్ కూడా కొనక్కరలేదు. ఒక పికోలో డీబగ్‌ప్రోబ్ ఫర్మ్‌వేర్ వేస్తే దాని జీపీ2 ఎస్‌డబ్ల్యూసీఎల్‌కేగా, జీపీ3 ఎస్‌డబ్ల్యూడీఐఓగా మారి రెండో పికోనే కాదు, ఓపెన్‌ఓసీడీ ద్వారా ఎస్‌టీఎం32ను కూడా డీబగ్ చేస్తుంది. ఇక చిప్ ధర అతి తక్కువగా ఉండాలనుకుని సీహెచ్32వీ003 వైపు చూసేవారు డబ్ల్యూసీహెచ్-లింక్ఈ అనే ప్రోగ్రామర్‌నే, చివరి ఈ అక్షరం ఉందో లేదో చూసి మరీ తీసుకోవాలి; ఆ అక్షరం లేని పాత డబ్ల్యూసీహెచ్-లింక్‌తో ఈ చిప్ ఒంటి తీగ పద్ధతి సాగదు. 16 కిలోబైట్ల ఫ్లాష్, 2 కిలోబైట్ల ర్యామ్ ఉన్న ఆ చిప్ పది మోటారు టైమర్లు ఒకేసారి కట్టేవారికి లాభం. ఒకటే కట్టేవారికి చిప్ ధరలో మిగిలిన డబ్బు ప్రోగ్రామర్ ఖర్చుకే పోతుంది.

టీ48 వంటి యూనివర్సల్ ప్రోగ్రామర్ల గురించి అడిగేవారు మరమ్మతు దుకాణం ఉన్నవారైతే వేరే మాట. ఏటీ89సీ51 మొదలుకొని పాత ఈప్రామ్‌ల దాకా ఒకే సాకెట్లో చేసుకోవచ్చు. సరదాకైతే ఆ వేల రూపాయలు మిగిలించుకోండి.

డబ్బు ఏ వరుసలో ఖర్చు పెట్టాలి

నా మేనల్లుడు జమ్మికుంట నుంచి ఇదే ప్రశ్న అడిగినప్పుడు వాడికి రాసిచ్చిన చీటీ ఇలా ఉంది. మొదట చిప్ తీసి పెట్టుకోగల సాకెట్ ఉన్న ఊనో నకలు. ఏటీమెగా328పీలో బూట్‌లోడర్ ఉన్నంతకాలం అదే బోర్డులో ప్రోగ్రాం ఎక్కించి, చిప్‌ను ఊడదీసి సొంత సర్క్యూట్లో పెట్టుకోవచ్చు, ఐఎస్‌పీ గొడవే ఉండదు. దానితో పాటు ఒక సీహెచ్340 అడాప్టర్. ఏటీటైనీ85తో పని పడిన రోజున ఊనోనే ప్రోగ్రామర్. అలా నాలుగైదు చిప్‌లు చేసి తీగల లెక్క చేతికి వచ్చాక, యూఎస్‌బీ ఏఎస్‌పీ, దానితో పాటు పది నుంచి ఆరు పిన్నులకు మార్చే అడాప్టర్ ముక్క. ఏవీఆర్ ఇరుకనిపించి, ప్రోగ్రాంలో తప్పు ఎక్కడుందో సీరియల్ మానిటర్‌తో పట్టుకోలేని స్థితి వచ్చినప్పుడు ఎస్‌టీ-లింక్, బ్లూ పిల్.

ప్రోగ్రామర్ కొనేటప్పుడు డబ్బా లోపల బోర్డు కనిపించేలా ఉన్నదాన్నే ఎంచుకోవడం మంచిది. క్రిస్టల్ ఉందా, చిప్ కాళ్లు సరిగా అతికాయా అన్నది కంటితో చూసుకోవచ్చు, జంపర్ గుంటలు అందుతాయి. జంపర్ వైర్ల విషయంలో పిసినారితనం వద్దు. ప్రోగ్రామర్ల మీద నేను విన్న ఫిర్యాదుల్లో చాలావరకు చివరికి లోపల తెగిపోయి, బయటికి బాగున్నట్టు కనిపించే పది రూపాయల తీగ దగ్గరే తేలాయి. కొన్న రోజునే ప్రతి తీగనూ మల్టీమీటర్ బీప్ శబ్దంతో పరీక్షించి, ఐఎస్‌పీ కోసం ఆరు రంగులు ఎంచుకుని, కొసలను ఆరు పిన్నుల ఒకే హెడర్‌కు టంకం వేసి, ఒకటో పిన్ పక్కన గోళ్ల రంగుతో చుక్క పెట్టుకోండి. మా ఇంట్లో ఆ చుక్క నీలం రంగులో ఉంటుంది. ఎరుపు పెడితే వీసీసీ అనుకుని ఒకసారి నేనే తారుమారు చేశాను.